యతీంఖానా గేటు దాటిన తర్వాత

మా ఊరి యతీంఖానాలో ఎర్రట్ట వేసిన ఒక పాత రిజిస్టరు ఉంది. ఒక్కో పిల్లవాడికి ఒక్కో వరస. పేరు, మర్హూం తండ్రి పేరు, అమ్మ ఉందా లేదా, ఊరు, చేరిన తేదీ, తీసుకొచ్చినవాళ్ళ సంతకం. చిట్టచివర "ఖారిజ్" అని ఒక గడి, దాని పక్కన కారణం. పద్దెనిమిదేళ్ళు నిండి వెళ్ళిపోయిన ప్రతి పిల్లవాడి పేరు పక్కనా మున్షీ సాబ్ ఒకటే మాట రాస్తూ వచ్చారు. "ఉమ్ర్ పూరీ". వయసు నిండింది అని ఆయన ఉద్దేశం. నేను కమిటీలో చేరిన కొత్తలో ఆ పేజీలు తిరగేస్తుంటే గుండె ఝల్లుమంది. మన ఇళ్ళల్లో ఎవరికైనా ఉమ్ర్ పూరీ అయిందంటే జనాజా లేచిందని కదా అర్థం.

ఆ గడిలో పేరు పడిన ఒక కుర్రాడి సంగతి చెప్పి, తర్వాత తారీఖ్‌లోకి వెళ్తాను.

నాలుగేళ్ళ కిందట వెళ్ళాడు. ఆరేళ్ళ వయసులో వచ్చినవాడు. వెళ్ళేరోజు మేం ఇచ్చింది ఒక రేకుపెట్టె, రెండు జతల బట్టలు, ఒక ముస్హఫ్, రెండు వేల రూపాయలు. సదర్ సాబ్ నెత్తిన చెయ్యి పెట్టి దువా చేశారు. ఒక ఫోటో తీశాం. వాడు హైవే పక్కన టైరు పంక్చరు దుకాణంలో పనికి కుదిరాడు. ఆ యేడు రంజాన్ ఈద్ రోజు నమాజ్ అయ్యాక అరకేజీ మిఠాయి డబ్బా పట్టుకుని యతీంఖానా గేటు దగ్గరికి వచ్చాడట. కొత్త వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు. బయటి మగవాళ్ళను పిల్లల దగ్గరికి పంపకూడదని కమిటీ రూలు. ఆ రూలు కాగితం మీద నా సంతకం కూడా ఉంది. వాడు గొడవ పడలేదు. డబ్బా వాచ్‌మన్ చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

వారం తర్వాత తెలిసి దుకాణానికి వెళ్ళాను. మాఫీ అడిగాను. వాడు ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూస్తూ, తలెత్తకుండానే అన్నాడు: "ఈద్ నమాజ్ అయినాక అందరూ గలే మిలి ఇండ్లకు పోతారు గదా చాచా. నాకు ఎటు పోవాల్నో తోచలా. కాళ్ళు ఆడికే తీస్కపోయినాయి."

ఆడపిల్ల రుఖ్సతీ అంటే మన మొహల్లా అంతా గుమ్మం దగ్గర నిలబడుతుంది. ఎవరు ఏ సామాను కొనాలి, మొదటి జుమ్మాగీకి ఎవరు పిలుచుకు రావాలి, అన్నీ ఆరు నెలల ముందే ఆలోచిస్తాం. పన్నెండేళ్ళు మన చేతి అన్నం తిన్న పిల్లవాడి రుఖ్సత్‌కు మాత్రం ఒక గడి, ఒక సంతకం. ఆ దుకాణం నుంచి వచ్చాక నాలుగేళ్ళుగా ఈ సంగతే చదువుతున్నాను. యతీంలను చేర్చుకున్న కథలు తారీఖ్‌లో బోలెడు. పంపించిన కథలు వెతుక్కోవాలి.

మొట్టమొదటి కథ మన దగ్గరే ఉంది. హిజ్రీ 3, అంటే క్రీస్తుశకం 625లో ఉహుద్ జంగ్ జరిగింది. సుమారు డెబ్బై మంది సహాబాలు షహీద్ అయ్యారు. అప్పటి మదీనా ఎంత ఊరు! ఒక్క పూటలో ఎన్ని ఇళ్ళల్లో బేవాలు, యతీంలు మిగిలి ఉంటారో ఆలోచించండి. సూరా నిసాలో యతీంల గురించి, వాళ్ళ సొమ్ము చూసే వలీల గురించి వచ్చిన హుకుంలకు ఆ రోజులే నేపథ్యమని ముఫస్సిరీన్ చెబుతారు. అందులో ఆరో ఆయత్‌ను ఇంట్లో ముస్హఫ్ తీసి ఒకసారి నిదానంగా చదువుకోండి. నేను తర్జుమా పెట్టడం లేదు, అందులోని పనుల వరస మాత్రం చూపిస్తాను. యుక్తవయసు వచ్చేదాకా పిల్లవాడిని పరీక్షిస్తూ ఉండాలి. వాడిలో రుష్ద్ కనబడితే వాడి సొమ్ము వాడికి అప్పగించాలి. పెద్దవాడై అడుగుతాడేమోనని ముందే తొందరపడి తినెయ్యకూడదు. కలిగిన వలీ అసలు ముట్టకూడదు. లేనివాడు తన కష్టానికి తగినంతే తీసుకోవాలి. అప్పగించే రోజు గవాహులు ఉండాలి.

రుష్ద్ అంటే సూఝ్‌బూఝ్. మంచీచెడూ ఎరిగి తన పని తాను చక్కబెట్టుకునే తెలివి. ఆయత్ వలీతో ఏం వెతకమంటోందో చూడండి. పిల్లవాడికి ఏం లేదో లెక్క రాయమనడం లేదు. ఏం ఉందో కనిపెట్టమంటోంది. అదీ చివరిరోజు కాదు, ఏళ్ళ తరబడి. ఎలా కనిపెట్టాలన్న దాని మీద ఫుకహాలు చాలా చర్చ చేశారు. పిల్లవాడు బాలిగ్ కాకముందే కాస్త సొమ్ము చేతికిచ్చి బజారుకు పంపి, బేరం ఎలా చేస్తాడో చూడవచ్చని హనఫీ ఫుకహాల మాట. మనమేమో పద్దెనిమిదేళ్ళు నిండేదాకా పిల్లవాడి చేతికి పది రూపాయలు ఇవ్వం. ఆ తర్వాత ఒకేసారి రెండు వేలు ఇచ్చి, నెలలో తగలేశాడని తౌబా తౌబా అనుకుంటాం.

ఇంకో ముచ్చట. రుష్ద్ కనబడకపోతే ఎంతకాలం ఆగాలి? ఇమామ్ అబూ హనీఫా, రహమతుల్లాహి అలైహి, ఇరవై అయిదేళ్ళ దాకా అన్నారు. ఆ తర్వాత ఎలా ఉన్నా వాడి సొమ్ము వాడికి ఇచ్చెయ్యాల్సిందే. ఆయన షాగిర్దులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఇద్దరూ ఒప్పుకోలేదు, రుష్ద్ కనబడేదాకా ఆగాల్సిందే అన్నారు. ఇది ఆస్తి గురించిన మసలా, అన్నం పెట్టడం గురించి కాదు, నిజమే. కానీ ఆ ఇరవై అయిదు అనే అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు లండన్ పోదాం. ఎందుకంటే ఇవాళ మన యతీంఖానాలు నడిచే తీరులో, అంటే గది, గంట, యూనిఫాం, చందా రసీదు, ఫోటో, వీటిల్లో మదీనా కంటే లండన్ జాడే ఎక్కువ. డబ్లిన్‌లో పుట్టిన థామస్ బర్నార్డో అనే ఆయన డాక్టరీ చదవడానికి లండన్ వచ్చాడు. వీధుల్లో పడుకునే పిల్లలను చూసి 1870లో స్టెప్నీ కాజ్‌వే అనే చోట మగపిల్లలకు ఆశ్రమం తెరిచాడు. నీయత్ మంచిదే. వేలమంది పిల్లల కడుపులు నిండాయి. అయితే చందాల కోసం ఆయన ఒక కొత్త పద్ధతి తెచ్చాడు. చింపిరి గుడ్డలతో పిల్లవాడి ఫోటో ఒకటి, ఆశ్రమంలో చేరాక శుభ్రంగా పనిచేసుకుంటున్న ఫోటో ఇంకొకటి. జంటగా కార్డులు అచ్చువేయించి అమ్మాడు. జనం బాగా కరిగిపోయారు. 1877లో ఆయన మీద వచ్చిన ఆరోపణలపై విచారణ జరిగింది. మిగతా చాలా విషయాల్లో ఆయన బయటపడ్డాడు కానీ, ఫోటోల విషయంలో తప్పు పట్టారు. కొన్ని ఫోటోల్లో పిల్లల దైన్యం కావాలని తయారుచేసిందే.

ఇది చదివినప్పుడు నాకు మా రంజాన్ పోస్టర్ గుర్తొచ్చింది. మా కమిటీ ప్రతి యేడూ వేయిస్తుంది. ఒక పిల్లవాడి ముఖం, కళ్ళల్లో నీళ్ళు, కింద బ్యాంకు ఖాతా నంబరు. ఒక యేడు ఆ ముఖం ఎవరిదో కనుక్కున్నాను. మా దగ్గరే ఎనిమిదో తరగతి చదివే పిల్లవాడు. క్యారమ్స్‌లో ఊరంతా ఎదురులేనివాడు. ఆ పోస్టర్ బజారులో చూసి బడిలో పిల్లలు వాడిని ఏమని పిలిచారో ఇక్కడ రాయను. చందాలు ఆ యేడు బాగానే వచ్చాయి.

బర్నార్డో పిల్లలను పంపించిన కథ ఇంకా ఉంది. పెద్దవాళ్ళయ్యే పిల్లలకు చోటేదీ? బ్రిటన్‌లోని రకరకాల ధర్మసంస్థలు 1869 మొదలు ఇరవయ్యో శతాబ్దం సగం దాకా సుమారు లక్షమంది పిల్లలను ఓడలెక్కించి కెనడా పంపాయి. పొలాల్లో కూలికి, ఇళ్ళల్లో పనికి. బర్నార్డో సంస్థ అందులో పెద్దది. ఒక్కో పిల్లవాడికి ఒక్కో పెట్టె, అందులో బట్టలు, ఒక బైబిలు. మా రేకుపెట్టె, ముస్హఫ్ గుర్తొచ్చి ఆ పేజీ దగ్గర కాసేపు ఆగిపోయాను. వాళ్ళలో చాలామంది అసలు యతీంలే కారు. అమ్మో అబ్బో బతికే ఉన్నారు, బీదవాళ్ళు, అంతే. అన్నాచెల్లెళ్ళను వేరువేరు ఊళ్ళకు పంపేశారు. తర్వాతి కాలంలో ఆస్ట్రేలియాకూ ఇలాగే పంపారు. 2010లో బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ పార్లమెంటులో నిలబడి మాఫీ అడిగాడు. అప్పటికి ఆ పిల్లల్లో బతికున్నవాళ్ళు ముసలివాళ్ళయిపోయారు.

ఆ పిల్లల గురించి రాసిన కాగితాల్లో ఉండేది ఏం లేదో అన్న లెక్కే. తండ్రి లేడు, ఇల్లు లేదు, నడత తెలీదు. ఈ లెక్కను తిరగేసి చూసినవాళ్ళలో ఒకామె పేరు ఎమ్మీ వెర్నర్. జర్మనీలో పుట్టి, చిన్నతనంలోనే ప్రపంచయుద్ధం చూసిన మనిషి. హవాయి దీవుల్లో కవాయి అనే చిన్న దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఆమె, రూత్ స్మిత్ కలిసి దశాబ్దాల పాటు గమనించారు. ఆ పిల్లల్లో చాలామంది చెరకు తోటల కూలీల బిడ్డలు. పేదరికం, తాగుబోతు తండ్రి, జబ్బు తల్లి, ఇంట్లో గొడవలు, ఇలాంటివి నాలుగైదు ఒకేసారి మీదపడ్డ పిల్లలను వేరుగా చూశారు. అందరూ చెడిపోయి ఉంటారనే అనుకుంటాం కదా. మూడింట రెండు వంతుల మందికి నిజంగానే కష్టాలొచ్చాయి. కానీ మూడోవంతు, 72 మంది, పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి పని చేసుకుంటూ, ప్రేమగా, ధైర్యంగా నిలబడ్డారు.

చెడిపోయినవాళ్ళు ఎందుకు చెడిపోయారని అప్పటిదాకా అందరూ అడిగారు. ఈ 72 మంది ఎందుకు నిలబడ్డారని వెర్నర్ అడిగింది. దొరికిన జవాబులు మా నానీకి తెలిసినవే. ఆ పిల్లల జీవితంలో గట్టిగా పట్టుకున్న ఒక పెద్ద మనిషి ఉన్నాడు. అమ్మే కానక్కర్లేదు, నానీయో, ఫుప్పూయో, ఒక టీచరో, గుడి చర్చి తాలూకు ఎవరో. రెండోది, చిన్నప్పుడే వాళ్ళ మీద ఎవరో ఆధారపడి ఉన్నారు. తమ్ముడిని చూసుకోవడమో, ఇంటికి కాస్త సంపాదన తేవడమో. అంటే వాడు లేకపోతే గడవని పని ఒకటి ఉంది. నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇంకోటి. పద్దెనిమిదేళ్ళప్పుడు దారి తప్పిన పిల్లల్లో కూడా చాలామంది ముప్పై దాటేసరికి గాడిన పడ్డారు. ఉద్యోగమో, పెళ్ళో, ఇంకో అవకాశమో వాళ్ళను నిలబెట్టింది. పద్దెనిమిదికే ఉమ్ర్ పూరీ అని రాసేసే మున్షీలందరికీ ఈ పేరా చదివి వినిపించాలి.

అదే దారిలో ఇంకో కథ అమెరికాలోని కాన్సస్‌లో మొదలైంది. పిచ్చాసుపత్రుల్లో ఏళ్ళ తరబడి ఉంచిన రోగులను బయటికి పంపేస్తున్న రోజులు. బయటికొచ్చినవాళ్ళు ఎలా బతకాలి? 1982లో కాన్సస్ యూనివర్సిటీ సోషల్ వెల్ఫేర్ విభాగానికి పదివేల డాలర్ల చిన్న పని అప్పగించారు. చార్లెస్ రాప్, ఆయన దగ్గర చదువుకుంటున్న రోనా చాంబర్లెయిన్ కలిసి చేసిన పని చాలా సాదా. రోగి దగ్గరికి వెళ్ళి జబ్బు గురించి అడగడం తగ్గించారు. మీకేం చేయడం వచ్చు, ఏమంటే ఇష్టం, ఇదివరకు ఏది బాగా జరిగింది, మీ వాడలో మీకు తెలిసినవాళ్ళెవరు అని అడిగారు. ఆఫీసులో కూర్చోబెట్టి కాదు, వాళ్ళుండే చోటికే వెళ్ళి. రోగి ఏం కావాలనుకుంటే ప్లాను అక్కడినుంచి మొదలు. 1992లో అదే యూనివర్సిటీకి చెందిన డెన్నిస్ సలీబీ ఈ ఆలోచన మీద ఒక పుస్తకాన్ని సంపాదకత్వం చేసి తెచ్చాడు. అప్పటినుంచి సోషల్ వర్క్ చదివే ప్రతి విద్యార్థీ "స్ట్రెంగ్త్స్" అనే మాట వింటున్నాడు. మన జబానులో సలాహియత్. మనిషిలోని సలాహియత్ పునాదిగా పనిచేయడం.

దీన్ని తప్పుగా అర్థం చేసుకునేవాళ్ళు ఉన్నారు, మా కమిటీలోనూ ఉన్నారు. "వాడిలో అంత సలాహియత్ ఉంటే ఇంక మన మదద్ ఎందుకు?" అని ఒక పెద్దమనిషి అడిగారు. వాడి బలం చూడమంటే వాడి ఆకలి మరిచిపొమ్మని కాదు. విత్తనంలో చెట్టు ఉంది కదా అని నీళ్ళు మానేస్తామా?

బ్రిటన్‌కు మళ్ళీ వద్దాం. అక్కడ చట్టం మారడానికి అసలు కారణం ప్రొఫెసర్లు కాదు, పిల్లలే. 1970లలో సర్కారీ సంరక్షణలో పెరిగే పిల్లలు కొన్నిచోట్ల సంఘాలుగా చేరారు. 1979లో దేశం మొత్తానికి ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్ళ మొదటి ఫిర్యాదుల్లో ఒకటి ఏమిటో తెలుసా? బట్టలు. చేతికి డబ్బు ఇవ్వకుండా ఆర్డరు పుస్తకం ఇచ్చేవాళ్ళు. పిల్లలు ఫలానా దుకాణానికి వెళ్ళి ఆ చీటీ చూపించి కొనుక్కోవాలి. కౌంటరు దగ్గర నిలబడగానే వీడెవడో అందరికీ తెలిసిపోతుంది. మనం ఈద్‌కు ఒకే తాను చింపి అరవై మందికి ఒకే రంగు కుర్తాలు కుట్టిస్తాం. ఈద్‌గాలో దూరం నుంచే తెలిసిపోతారు, అదిగో యతీంఖానా సఫ్ అని. చౌకగా పడుతుందని అలా చేస్తాం. ఇజ్జత్ ధర ఆ బిల్లులో ఉండదు.

ఆ పిల్లల నోటి మాట, వాళ్ళ మీద మైక్ స్టెయిన్ లాంటివాళ్ళు చేసిన పరిశోధన కలిసి 2000లో చట్టమయ్యాయి. సంరక్షణ వదిలి వెళ్ళే ప్రతి పిల్లవాడికీ రాతపూర్వకంగా ఒక దారి ప్లాను ఉండాలి. ఇరవై ఒకటి దాకా తన మంచీచెడూ చూసే ఒక సలహాదారు ఉండాలి. 2014లో, పెంచిన కుటుంబంతోనే ఇరవై ఒకటి దాకా ఉండిపోయే వీలు కల్పించారు. 2017 చట్టంతో ఇంగ్లండ్‌లో సలహాదారు మదద్‌ను ఇరవై అయిదేళ్ళ దాకా పెంచారు. కూఫాలో ఇమామ్ సాబ్ చెప్పిన అంకె దగ్గరికే వచ్చి ఆగారు. కారణాలు వేరు, దారి వేరు, అది నాకూ తెలుసు. అయినా ఆ సంవత్సరం చదివిన రోజు నవ్వుకున్నాను.

మన దేశంలో? 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో 46వ సెక్షన్ ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండి సంస్థ విడిచి వెళ్ళేవాళ్ళకు, సమాజంలో నిలదొక్కుకోవడానికి ఆర్థిక సాయం "చేయవచ్చు" అంటుంది. "చేయాలి" అనదు. వకీలు భాషలో ఆ రెండు మాటల మధ్య పెద్ద వాగు ఉంది. ఇరవై ఒకటి దాకా, తప్పనిసరైతే ఇరవై మూడు దాకా ఆఫ్టర్ కేర్ కింద చూడవచ్చని నిబంధనలు చెబుతున్నాయి. మిషన్ వాత్సల్య పథకంలో దీనికి నెలకు 4,000 రూపాయలు పెట్టారు. జిల్లా బాలల సంరక్షణ విభాగం ద్వారా అడగాలి. ప్రతి పిల్లవాడికీ వేరుగా ఒక కేర్ ప్లాను రాయాలనీ ఉంది. చదువు, ఆరోగ్యంతో పాటు వాడి ఇష్టాలు, ఆటలు, ఎవరితో దగ్గరగా ఉంటాడు అన్న గడులు కూడా ఆ ఫారంలో ఉన్నాయి. మా అలమారులో ఆ ఫారాలు ఉన్నాయి. అన్నిట్లో ఇష్టాల గడిలో ఒకటే రాత: "క్రికెట్". ఒకరోజు ఒకే కలంతో కూర్చుని నింపేశారన్నమాట.

మన ఖౌం చేతగానిదేమీ కాదు. నాంపల్లి స్టేషన్ దగ్గర అనీసుల్ గుర్బా పేరు హైదరాబాదులో ఎవరినడిగినా చెబుతారు. అయితే నేను నేర్చుకున్నది ఎక్కువగా మలబారు నుంచి. 1921 తిరుగుబాటులో అక్కడ మాప్పిళ్ళ కుటుంబాలు చితికిపోయాయి. మిగిలిన పిల్లల కోసం ఎక్కడో పంజాబులోని కసూర్ నుంచి వచ్చిన మౌలానా అబ్దుల్ ఖాదిర్ కసూరీ చొరవతో 1922లో కాలికట్‌లో జేడీటీ ఇస్లాం యతీంఖానా మొదలైంది. ఇవాళ ఆ ఆవరణలో ఐటీఐ ఉంది, పాలిటెక్నిక్ ఉంది. 1943లో తిరూరంగాడిలో, కలరా మిగిల్చిన యతీంల కోసం ఇంకొకటి. 1956లో ముక్కంలో మరొకటి. తిరూరంగాడి వాళ్ళు 1968లో డిగ్రీ కాలేజీ పెట్టారు. దాని పేరు పోకర్ సాహిబ్ మెమోరియల్ ఆర్ఫనేజ్ కాలేజీ. కాలేజీ పేరులోనే యతీంఖానా. ఊళ్ళో కలిగిన ఇళ్ళ పిల్లలు ఆ పేరున్న కాలేజీలో సీటు కోసం దరఖాస్తు పెట్టుకుంటారు. యతీంను తీసుకెళ్ళి ఊరిబడిలో ఓ మూల కూర్చోబెట్టడం ఒక పద్ధతి. ఊరినే యతీంఖానా గుమ్మం దగ్గరికి రప్పించడం ఇంకో పద్ధతి.

ముక్కంలో పదేళ్ళు పెరిగిన ముహమ్మద్ అలీ షిహాబ్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1991లో తండ్రి పోయాక అమ్మ తీసుకొచ్చి చేర్పించింది. బయటికి వచ్చాక చిన్నా చితకా పనులు చేస్తూ, సర్కారీ పరీక్షలు రాస్తూ, 2011లో సివిల్స్‌లో 226వ ర్యాంకుతో ఐఏఎస్ అయి నాగాలాండ్ వెళ్ళాడు. వాట్సాప్‌లో ఆయన ఫోటో తిరిగినప్పుడల్లా మాషా అల్లాహ్ అంటాం. నాకు మాత్రం కాస్త భయం. ఆ ఫోటో చూపించి "వాడయ్యాడు, నువ్వెందుకు కాలేదు?" అని పంక్చరు దుకాణం పిల్లవాడిని అడుగుతారేమోనని. ఆయన కథలో నేను చూసేది వేరు. గేటు దాటిన చాలా ఏళ్ళకు, ఢిల్లీలోని జకాత్ ఫౌండేషన్ ఆయన్ని కోచింగ్‌కు ఎంచుకుంది. అప్పటికి ఆయన యతీం పిల్లవాడేమీ కాదు. ఎదిగిన మగమనిషి.

ఇక్కడే మా కమిటీలో అసలు తగాదా వచ్చింది. షరీఅత్ ప్రకారం బాలిగ్ అయ్యాక యతీం అనే పేరు ఉండదు. "యతీంల సొమ్ము పెద్దవాళ్ళ మీద ఎలా ఖర్చుపెడతాం? ఆఖిరత్‌లో జవాబు ఎవరు చెబుతారు?" అని సదర్ సాబ్. ఆయన భయం నిజాయితీ గల భయమే, నేను తేలిగ్గా తీసుకోను. ఖతీబ్ సాబ్‌ను పిలిచాం. ఆయన చాయ్ తాగడం పూర్తయ్యేదాకా ఏమీ అనలేదు. తర్వాత సూరా తౌబా అరవయ్యో ఆయత్‌లోని ఎనిమిది మసారిఫ్ వేళ్ళ మీద లెక్కపెట్టారు. ఫఖీర్, మిస్కీన్, ఇలా ఎనిమిది. "ఇందులో యతీం ఎక్కడ?" అని అడిగారు. లేడు. యతీంకు జకాత్ వచ్చేది యతీం అయినందుకు కాదు, ఫఖీర్ అయినందుకు. పద్దెనిమిదేళ్ళు నిండి, రేకుపెట్టె తప్ప ఏమీ లేనివాడు ఫఖీర్ కాకపోతే ఇంకెవరు? ఫలానా యతీంల కోసమే అని ఇచ్చిన చందాలు విడిగా ఉంచండి, ఆ అమానత్ ముట్టొద్దు, మామూలు జకాత్ నుంచి ఇవ్వండి అన్నారు. పదిహేనేళ్ళుగా మా నోట్లో ఆ ప్రశ్న పుట్టనే లేదు.

ఈ షాబాన్‌లో మా దగ్గర ఇంకో పిల్లవాడికి పద్దెనిమిది నిండాయి. ఈసారి మున్షీ సాబ్‌ను రిజిస్టరు మూసెయ్యమన్నాను. వంటగది అరుగు మీద కూర్చుని వాడితో మాట్లాడాను. నీకేం వచ్చురా అంటే "ఏం రాదు సాబ్" అన్నాడు. పన్నెండేళ్ళు మేం రాసిన రిజిస్టరును వాడు కంఠస్థం చేసేశాడు. పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్న వంటామె కలగజేసుకుంది. "ఏం రాదంటాడేంది! బోరు మోటరు కాలిపోతే వీడే గదా విప్పేది. బియ్యం ఎన్ని వచ్చినయ్, ఎన్ని అయిపోయినయ్, వీడి నోట్లో ఉంటది లెక్క. చిన్నోళ్ళకు జొరమొస్తే రాత్రంతా మేల్కొనేది ఎవరు?" వాడు సిగ్గుతో కాలి బొటనవేలితో నేల గీకుతున్నాడు. అవన్నీ కాగితం మీద రాశాను. మొత్తం పదకొండు వచ్చాయి. అందులో మేం, కమిటీవాళ్ళం, ఎరిగినవి రెండు.

వాడు బస్టాండు దగ్గర మోటారు వైండింగ్ దుకాణంలో చేరాడు. పంక్చరు దుకాణం కుర్రాడి గదిలోనే ఉంటున్నాడు, కిరాయి ఏడాదిపాటు జకాత్ నుంచి సగం. ఆఫ్టర్ కేర్ దరఖాస్తు జిల్లా ఆఫీసులో ఇచ్చాం, రెండుసార్లు తిరిగాం, ఇంకా తిరగాలి. గేటు రూలు తీసెయ్యలేదు, పిల్లల హిఫాజత్ కూడా జిమ్మేదారీయే. కానీ ఇక్కడ పెరిగినవాళ్ళ పేర్లతో ఒక జాబితా వాచ్‌మన్ దగ్గర ఉంది. ఈద్ రోజు దస్తర్‌ఖాన్ వాళ్ళకు కూడా వేస్తాం. కుర్తాల తాను ఈసారి కొనలేదు, పిల్లలే బజారుకు వెళ్ళి ఎంచుకున్నారు. ఒకడు పూర్తి నలుపు తెచ్చుకున్నాడు, సదర్ సాబ్ ఇంకా గొణుగుతూనే ఉన్నారు.

వెళ్ళేరోజు వాడి బ్యాంకు పాసుబుక్కు అప్పగించాం. ఆయత్ చెప్పినట్టే గవాహులను పిలిచాం, ఒకరు ఖతీబ్ సాబ్, రెండో గవాహ్ పంక్చరు దుకాణం కుర్రాడు. వాడు పాసుబుక్కు తెరిచి, గవాహులు సంతకం పెట్టేదాకా ఆగమని, ఒక్కో ఎంట్రీ మీద వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాడు. చివరి పేజీలో ఆగాడు. "సాబ్, ఎస్ఎంఎస్ చార్జీ అని పదిహేడు రూపాయలు కోసినారు. నాకు ఫోనే లేదు గదా, ఎస్ఎంఎస్ ఎవురికి పోయినట్టు?"

మున్షీ సాబ్ తన జేబు తడుముకున్నారు.